నానమ్మతో గ్రేట్ ఓషన్ రోడ్ - మొదటి రోజు

మెల్‌బోర్న్‌లో ఉండే మన తెలుగువాళ్ళ ఇళ్ళకి ఇండియా నుంచి పెద్దవాళ్ళెవరైనా వస్తే చూపించాల్సిన చోట్ల లిస్టు ఒకటుంటుంది. ఎవరింట్లో అడిగినా అదే లిస్టు! క్యారమ్ డౌన్స్‌లో శివవిష్ణు ఆలయం, ఫిలిప్ ఐలండ్‌లో పెంగ్విన్లు, బల్లారట్‌లో పాతకాలపు బంగారు గనులు, ఆఖరికి గ్రేట్ ఓషన్ రోడ్. ఈ ఆఖరిదాన్ని కూడా చాలామంది ఒక్క రోజులోనే చుట్టబెట్టేస్తారు. తెల్లవారకముందే బయల్దేరి, దగ్గరి దారని లోపలి హైవే పట్టుకుని, నేరుగా ట్వెల్వ్ అపోజల్స్ దగ్గర దిగి, నాలుగు ఫొటోలు తీసుకుని, అర్ధరాత్రికి కొంపకి చేరడం. దానికి గ్రేట్ ఓషన్ రోడ్ చూశాం అని పేరు. అసలు రోడ్డు మాత్రం చూడరు!

మొన్న ఏప్రిల్ సెలవుల్లో మేం దానికి మూడు రోజులు పెట్టుకున్నాం. అందుకు కారణం మా పిల్లల నానమ్మ. (ఇక్కడ మేమూ ఆవిణ్ణి నానమ్మ అనే అంటాం, చదివే పిల్లలకి తేలిగ్గా ఉంటుంది.) ఆవిడ తాడేపల్లిగూడెం నుంచి వచ్చి అప్పటికి అయిదు నెలలైంది. ఇంకో పది రోజుల్లో తిరుగు ప్రయాణం. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు. గంటకోసారి కారు దిగి నాలుగడుగులు వెయ్యకపోతే కాళ్ళు పట్టేస్తాయి. అందుకని మొదటి రోజు మజిలీ అపోలో బే అనుకుని, అక్కడొక మోటెల్‌లో గది తీసుకున్నాం. టోర్కీ దగ్గర మొదలై వార్నంబూల్ పక్కనున్న అలన్స్‌ఫర్డ్ దాకా ఈ రోడ్డు 243 కిలోమీటర్లు. మొదటి రోజు మేం నడిపింది అందులో సగం కూడా కాదు.

రెండో కారణం మావాడు. వయసు తొమ్మిది. "తెలుగు అర్థమవుతుందండీ, మాట్లాడ్డమే రాదు" అని చెప్పుకునే పిల్లల్లో వాడొకడు. ఈ సంచిక చదివే ఇళ్ళల్లో చాలామందికి ఈ మాట కొత్త కాదనుకుంటాం. నానమ్మ తెలుగులో అడుగుతుంది, వాడు ఇంగ్లీషులో జవాబిస్తాడు, మేం మధ్యలో మాటలు అటూ ఇటూ మోస్తాం. అయిదు నెలలూ అలాగే గడిచింది. ఆవిడ ఒక్క రోజూ దీని గురించి నోరు విప్పలేదు. విప్పితే బాగుండేదేమో, మేమూ ఏదో ఒకటి చెప్పుకునేవాళ్ళం.

సెలవులకి తెలుగు బడిలో ఒక హోంవర్కు ఇచ్చారు. ఇంట్లో పెద్దవాళ్ళెవరికైనా ఒక కథ తెలుగులో చెప్పి రావాలి. వారం రోజుల నుంచీ తప్పించుకు తిరుగుతున్నాడు. కార్లో సీటు బెల్టు పెట్టుకున్నాక ఇంకెక్కడికి తప్పించుకుంటాడు?

వెర్రిబీ దాటుతుంటే నానమ్మ ఎప్పట్లాగే "ఇదేం పేరర్రా ఊరికి!" అని నవ్వింది. మా పెద్దమ్మాయి హైస్కూల్లో చదువుతోంది, అది అందుకుంది. వెర్రిబీ అంటే మన 'వెర్రి' కాదనీ, ఈ నేల అసలు మనుషులైన వాడవురుంగ్ వాళ్ళ భాషలో వెన్నెముక అని అర్థమనీ, ముందు రాబోయే జీలాంగ్ కూడా వాళ్ళ మాటల్లోంచి వచ్చిన పేరేననీ చెప్పింది. దాంతో వెనక సీట్లోంచి మావాడు ఉన్నట్టుండి, "ఆ పీపుల్ దగ్గర ఒక మ్యాన్ ఉన్నాడు నానమ్మా. బకిలీ. నా కథ అది" అన్నాడు.

బళ్ళో చెప్పుకున్నారట విలియం బకిలీ గురించి. మేం కుందేలూ తాబేలూ అనుకుంటున్నాం, వాడు చరిత్ర ఎత్తుకున్నాడు!

"ఇంగ్లాండ్ నుంచి షిప్‌లో వచ్చాడు. వాడు కాన్విక్ట్."

"అంటే ఏంటి నాన్నా?"

"అంటే... జైల్లో ఉంటాడు, కానీ షిప్‌లో."

మేం మాట అందించబోతే నానమ్మ చెయ్యి ఎత్తి ఆపింది. "మీరు కల్పించుకోకండర్రా. వాడికెంతొస్తే అంతే చెప్తాడు. తెలీకపోతే నేనడుగుతాను. ఖైదీనా నాన్నా?"

"ఆఁ, ఖైదీ."

"ఏం చేశాడేంటి?"

"క్లాత్. స్టోలెన్ బట్ట..."

"బట్టలు దొంగతనం చేశాడా!"

వాడు ఏదో చెప్పబోయాడు. మాట దొరకలేదు. సరేలే అన్నట్టు ఊరుకుని ముందుకెళ్ళిపోయాడు.

మీ కోసం కాస్త వివరంగా చెప్తాం. 1803లో బ్రిటిష్ వాళ్ళు పోర్ట్ ఫిలిప్ అఖాతం ఒడ్డున, ఇప్పటి సొరెంటో దగ్గర, ఖైదీల్ని తెచ్చి ఒక స్థావరం పెట్టారు. మంచినీళ్ళు సరిగ్గా దొరక్క కొద్ది నెలలకే ఎత్తేశారు. ఎత్తేసేలోపు పారిపోయిన కొద్దిమందిలో బకిలీ ఒకడు. ఆరడుగులు దాటిన భారీ మనిషి, ఒకప్పుడు సైనికుడు. తోటివాళ్ళు ఆకలికి తట్టుకోలేక వెనక్కి తిరిగితే, ఇతనొక్కడూ అఖాతం చుట్టూ నడుచుకుంటూ ఇటువైపు ఒడ్డుకి చేరాడు. ఇప్పటికీ ఇక్కడివాళ్ళు అస్సలు ఆశలేని పనిని 'బకిలీస్ ఛాన్స్' అంటారు. ఆ మాట ఇతని పేరు మీదే పుట్టిందని కొందరంటారు.

టోర్కీలో కాఫీ తాగి బెల్స్ బీచ్‌కి వెళ్ళాం. ప్రపంచంలో అలల మీద స్వారీ చేసేవాళ్ళందరికీ ఇది పెద్ద క్షేత్రం లాంటిది. ఈస్టరప్పుడు పోటీలు జరుగుతాయి, గెలిచినవాళ్ళు గంట మోగిస్తారు. "గుళ్ళో లాగానా?" అంది నానమ్మ. కొండ అంచునున్న చెక్కల మెట్ల మీంచి చూస్తే కింద నల్లటి రబ్బరు బట్టల్లో ఇరవై మంది దాకా నీళ్ళల్లో కూర్చుని ఉన్నారు. ఏమీ చెయ్యడం లేదు, ఊరికే కూర్చుని మంచి అల కోసం చూస్తున్నారు. నానమ్మకి సముద్రమంటే కార్తీకమాసంలో పేరుపాలెం. మునిగి, దణ్ణం పెట్టుకుని, ఒడ్డున వంకాయ కూర వండుకుని తినే సముద్రం. "ఇంత చలిలో వీళ్ళకేం పుణ్యమొస్తుందర్రా" అంది. పావుగంట తర్వాత ఒకమ్మాయి అల మీద లేచి నిలబడి ఒడ్డుదాకా జారుకుంటూ వస్తే మాత్రం అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆవిడే.

అక్కడ బెంచీ మీద కథ రెండో భాగం నడిచింది. "బకిలీకి హంగ్రీ. అంటే ఆకలి. నడవలేడు. అప్పుడు ఒక కర్ర చూశాడు. షార్ప్ కర్ర. ఎక్కడుందంటే... చనిపోయినవాళ్ళని పెడతారు కదా, అక్కడ."

"సమాధి మీద బల్లెం గుచ్చి ఉందా?"

"బల్లెం. ఆ బల్లెం తీసుకుని నడిచాడు. దాని మనిషి పేరు మురంగుర్క్. చనిపోయాడు కదా? ఆ పీపుల్ బకిలీని చూసి, మురంగుర్క్ మళ్ళీ వచ్చాడనుకున్నారు!"

మా అందరికీ ఈ ఘట్టం వింతగా అనిపిస్తుంది. నానమ్మకి వింతేమీ లేదు. "పోయినవాడు తెల్లగా తిరిగొచ్చాడనుకున్నారన్నమాట. మరి అన్నం పెట్టారా?" అని అడిగింది. పెట్టారు, తమవాడిగానే చూసుకున్నారు. టోర్కీ దగ్గర్లోనే ఒక వాగు పక్కన గుడిసె కట్టుకుని చేపలు పట్టుకుంటూ చాలాకాలం బతికాడట.

యాంగిల్‌సీ దాటి ఎయిరీస్ ఇన్‌లెట్ దగ్గర తెల్లటి దీపస్తంభం కింద కాసేపు ఆగాం. 1891లో కట్టిందది. నానమ్మ దాన్ని అంతర్వేది లైట్‌హౌస్‌తో పోల్చింది, అంతర్వేదే గెలిచింది. వాదించి లాభం లేదు కాబట్టి కారెక్కేశాం.

అక్కణ్ణుంచి కొంచెం ముందుకెళ్తే ఈస్టర్న్ వ్యూ అనేచోట రోడ్డుకి అడ్డంగా దుంగలతో కట్టిన పెద్ద తోరణం వస్తుంది. అందరూ దాని కింద ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. మేం అరగంట పైనే ఉన్నాం, ఎందుకంటే పక్కనే ఇద్దరు కూలీల కంచు విగ్రహం ఉంది. దాన్ని చూసి నానమ్మ "ఈ రోడ్డెవరు వేశారు?" అని అడిగింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా వాళ్ళు 60 వేలమందికి పైగా చచ్చిపోయారు. బతికి వచ్చినవాళ్ళకి పని చూపించాలి, పోయినవాళ్ళకి గుర్తుగా ఏదైనా కట్టాలి. ఈ రెంటికీ కలిపి ఈ రోడ్డు ఆలోచన. జీలాంగ్ మేయరు హోవర్డ్ హిచ్‌కాక్ దీనికి ముందు నిలబడి చందాలు పోగుచేశాడు. 1919 సెప్టెంబర్లో పని మొదలైంది. తిరిగొచ్చిన సైనికులు సుమారు మూడు వేలమంది గునపాలూ, పారలూ, మందుగుండూ పట్టుకుని ఈ కొండల అంచులు చెక్కారు. అడవిలో గుడారాల్లో కాపురం, రోజుకి పదిన్నర షిల్లింగుల కూలి. మొత్తం పూర్తయి ప్రారంభోత్సవం జరిగింది 1932 నవంబర్లో. హిచ్‌కాక్ మాత్రం అంతకు మూడు నెలల ముందే గుండెజబ్బుతో పోయాడు. ఊరేగింపులో గవర్నరు బండి వెనకాల ఆయన కారుని ఖాళీగా నడిపించారట. మొదట్లో ఈ రోడ్డెక్కాలంటే డబ్బు కట్టాలి, 1936లో ప్రభుత్వానికి అప్పగించాక అది ఎత్తేశారు. తోరణం మాత్రం పాతది కాదు. 1983 ఫిబ్రవరి 16న 'యాష్ వెన్స్‌డే' అని పేరుపడ్డ కార్చిచ్చులో కాలిపోతే మళ్ళీ కట్టారు.

పిల్లలకి ఇందులో నచ్చిన ముక్క ఇంకొకటి. 1924లో క్యాసినో అనే ఓడ ఈ తీరంలోనే రాతిదిబ్బకి తగులుకుంటే, బరువు తగ్గించడానికి అయిదొందల పీపాల బీరూ, నూట ఇరవై పెట్టెల మద్యమూ సముద్రంలోకి దొర్లించారు. అవి ఒడ్డుకి కొట్టుకొచ్చేసరికి రోడ్డు పని రెండు వారాలు ఆగిపోయింది! (ఇది పిల్లల సంచిక కాబట్టి ఇంతటితో ఆపేస్తాం.)

నానమ్మ దీనికి నవ్వలేదు. ఆవిడ ఇంకా విగ్రహం దగ్గరే ఉంది. "మన మాధవరం వాళ్ళు కూడా ఆ యుద్ధానికి వెళ్ళారు" అంది. తాడేపల్లిగూడెం పక్కనున్న మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనే అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపిన ఊరు. ఆ మాటకొస్తే ఆస్ట్రేలియా వాళ్ళు ప్రతి ఏప్రిల్ 25నా తలుచుకునే గాలిపోలీలో వాళ్ళ పక్కన ఇండియా సైనికులు సుమారు 15 వేలమంది ఉన్నారు. కంచరగాడిదల మీద కొండపైకి నీళ్ళూ, తూటాలూ మోసింది మనవాళ్ళే. ఇది పెద్దమ్మాయి కూడా వినలేదట. "తిరిగొచ్చినాక వాళ్ళకి ఎవరైనా ఇలా పని ఇచ్చారంటావా అబ్బాయ్?" అని అడిగింది నానమ్మ. మా దగ్గర జవాబు లేదు. తోరణం కింద నుంచి బళ్ళు పోతూనే ఉన్నాయి.

లోర్న్‌లో సముద్రం ఎదురుగా చెట్టు కింద దుప్పటి పరుచుకుని భోజనాలు. పులిహోర, పెరుగన్నం, ఊరమిరపకాయలు, జంతికలు. లోర్న్ వెళ్ళేవాళ్ళకి ఒక హెచ్చరిక: అక్కడి తెల్ల కాకటూలకి సిగ్గూ శరం ఉండవు. మా జంతికల డబ్బా మీద ఒకటి వాలి, చక్కగా కాలితో ఒకటి తీసుకుని, మా ముందే కూర్చుని తినేసింది. నానమ్మ దాన్ని మందలించిన తెలుగు ఇక్కడ అచ్చువెయ్యలేం గానీ, మావాడు అందులో రెండు మాటలు నేర్చుకున్నాడు.

కథ ఆఖరి భాగం అక్కడే.

"బకిలీ అక్కడ చాలా ఇయర్స్ ఉన్నాడు. థర్టీ టూ."

"తెలుగులో ఎంత?"

వేళ్ళు లెక్కపెట్టాడు. ఇరవై దాటాక వాడికెప్పుడూ తడబాటే. "ముప్ఫై... రెండు. ముప్ఫై రెండు ఏళ్ళు! అప్పుడు ఇంగ్లీషు వాళ్ళు మళ్ళీ షిప్‌లో వచ్చారు. బకిలీ వాళ్ళ దగ్గరికెళ్ళాడు. కానీ మాట్లాడలేడు. వాడి ఇంగ్లీషు మొత్తం మర్చిపోయాడు."

నానమ్మ తినడం ఆపింది. "పుట్టినప్పట్నుంచీ మాట్లాడిన మాటే?"

"ఆఁ. వాడి అమ్మ మాట. మొత్తం. వాళ్ళు ఏదడిగినా తెలీదు. చేతి మీద పేరుంది, పచ్చబొట్టు. డబల్యూ, బి. అంతే. అప్పుడు ఒకతను బ్రెడ్ ఇచ్చాడు. ఇచ్చి 'బ్రెడ్' అన్నాడు. బకిలీ కూడా 'బ్రెడ్' అన్నాడు! తర్వాత మెల్లిగా అన్నీ గుర్తొచ్చాయి."

ఇది కల్పన కాదు. 1835లో జాన్ బాట్మన్ మనుషుల దగ్గరికి వచ్చినప్పుడు జరిగిందిది. తర్వాత అచ్చయిన అతని జీవితకథలోనూ రొట్టె సంగతి ఉంది.

మేం ఈ కథ ఇంతకుముందు ఇంగ్లీషులో చదివిందే. అయినా కొడుకు నోట, వచ్చీరాని తెలుగులో, వాడి నానమ్మ ఎదురుగా 'అమ్మ మాట మొత్తం మర్చిపోయాడు' అని వింటే ఎలా ఉంటుందో ముందుగా ఊహించలేదు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

నానమ్మ మాత్రం మామూలుగానే ఉంది. "రొట్టె మాట ముందొచ్చిందన్నమాట. తిండి మాటే ముందొస్తుంది" అని, వాడి కంచంలో ఇంకాస్త పెరుగన్నం వేసింది. ఆపైన "తర్వాతేమయ్యాడు?" అంది. వాడికి అంతవరకే తెలుసు. మిగతాది పెద్దమ్మాయి ఫోన్లో చూసి చెప్పింది. వచ్చినవాళ్ళకీ, ఉన్నవాళ్ళకీ మధ్య దుబాసీగా పెట్టుకున్నారట. కొన్నాళ్ళకి తెల్లవాళ్ళకి అతని మీద నమ్మకం పోయింది, అతని మనసూ విరిగిపోయింది. టాస్మానియాలో హోబార్ట్ వెళ్ళిపోయి 1856లో అక్కడే పోయాడు.

లోర్న్ తర్వాతే అసలు రోడ్డు. ఎడమపక్క సముద్రం, కుడిపక్క కొండ, మధ్యలో రెండు బళ్ళకి సరిపడా తారు. మలుపు మీద మలుపు. 'ఆస్ట్రేలియాలో ఎడమవైపు నడపండి' అని బాణం గుర్తుతో బోర్డులుంటాయి. "మనకి చెప్పాలా!" అంది నానమ్మ. వెనక బళ్ళు పోగైతే పక్కకి తీసి దారివ్వడానికి చోటు కట్టి ఉంటుంది, మేం ప్రతి చోటా తీశాం. పెద్దమ్మాయికి కళ్ళు తిరిగితే నానమ్మ కొంగుముడిలోంచి నిమ్మకాయ వచ్చింది. వై రివర్‌లో కొత్త ఇళ్ళు కనిపిస్తాయి. 2015 క్రిస్మస్ రోజున కార్చిచ్చు అక్కడా, పక్కనున్న సెపరేషన్ క్రీక్‌లోనూ కలిపి 116 ఇళ్ళు కాల్చేసింది. ముందే ఖాళీ చేయించడంతో ప్రాణాలు మాత్రం దక్కాయి.

కెనెట్ రివర్ దగ్గర కోలాలుంటాయని ఆగాం. యూకలిప్టస్ కొమ్మల్లో బూడిదరంగు మూటలా ఒకటి నిద్రపోతోంది. రోజులో ముప్పాతిక భాగం దాని పని అదే. కింద ఊతకర్రతో ఒక ముసలావిడ నిలబడి ఉన్నారు, ఇక్కడి మనిషే. నానమ్మని చూసి నవ్వి, చీర చాలా బాగుందన్నారు. నానమ్మకి ఇంగ్లీషు రాదు. మేం కాస్త దూరంలో కారు తాళం వేస్తున్నాం. అక్కడ మావాడొక్కడే ఉన్నాడు.

"నీ చీర బాగుందంట నానమ్మా."

"ఉప్పాడ చీర, చేత్తో నేసిందని చెప్పు."

చెప్పాడు. 'నేయడం' తెలియక చేతులతో మగ్గం ఆడించి చూపిస్తే, నానమ్మ ఆ సైగని సరిదిద్దింది. ఆవిడకి మోకాలు ఆపరేషన్ అయిందట, మెట్లు ఎక్కలేరట. అదీ మోసుకొచ్చాడు. "నాకూ చెయ్యమంటున్నారు, నొప్పి ఎన్నాళ్ళుంటుందో అడుగు నాన్నా." అడిగాడు. మేం దగ్గరికి వెళ్ళకుండా కారు పక్కనే నిలబడిపోయాం. ఏదో మర్చిపోయినట్టు డిక్కీ తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాం. ఇద్దరు ముసలివాళ్ళ మోకాళ్ళ గురించి ఒక తొమ్మిదేళ్ళవాడు పది నిమిషాలు అటూ ఇటూ మాటలు చేరవేశాడు. పైన కోలా ఒక్కసారి కూడా కళ్ళు తెరవలేదు.

అపోలో బే చేరేసరికి నాలుగున్నర. సముద్రపు ఒడ్డున పొట్లం విప్పుకుని చేపా, చిప్సూ తిన్నాం (నానమ్మకి చిప్సే). గాలి పెరిగి, వాన మొదలై, పది నిమిషాల్లో ఆగిపోయి, కొండల మీద హరివిల్లు వచ్చింది. మెల్‌బోర్న్ వాతావరణం మాకు తోడుగా వచ్చిందన్నమాట. గదికొచ్చి కుక్కర్లో అన్నం పెట్టాం. మర్నాడు అపోజల్స్ దగ్గరికి ఎన్నింటికి బయల్దేరాలో లెక్కలు వేసుకున్నాం.

రాత్రి ఎనిమిదిన్నరకి నానమ్మ మా పిన్నిగారికి ఫోన్ చేసింది. గడియారాలు వెనక్కి తిప్పేశారు కాబట్టి అక్కడ సాయంత్రం నాలుగు. సముద్రం, రోడ్డు వేసిన సైనికులు, జంతిక ఎత్తుకుపోయిన పక్షి, అన్నీ అయ్యాక బకిలీ దగ్గరికొచ్చింది. "ఇక్కడొకడున్నాడే, ఇంత పొడుగు మనిషి. బట్టల దొంగ. ఓడలో తెచ్చి పడేశారంట..."

అవతలి మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకున్నాడనుకున్న మావాడు లేచి కూర్చున్నాడు.

"దొంగ కాదు నానమ్మా! వేరేవాళ్ళు దొంగతనం చేశారు. ఆ బట్ట వాడి దగ్గర ఉంది. అంతే. పిన్ని మామ్మకి కరెక్టుగా చెప్పు."

"ఉండవే, వీడేదో అంటున్నాడు" అని నానమ్మ ఫోను వాడి చేతికిచ్చింది.